రెండు యుద్ధాల నడుమ ఫ్రాన్సు: యానాం ఓటు, కడప వేరుశనగ

1918 నవంబరులో మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది. 1939 సెప్టెంబరులో రెండోది మొదలైంది. ఈ రెంటి నడుమ ఫ్రాన్సు గడిపిన ఇరవయ్యొక్క ఏళ్లకు తెలుగు నేలతో రెండు సంబంధాలున్నాయి. మొదటిది రాజకీయ సంబంధం: గోదావరి ఒడ్డున ఉన్న యానాం అప్పట్లో ఫ్రెంచి వలస. రెండోది వ్యాపార సంబంధం: మద్రాసు రాజధానిలో పండిన వేరుశనగకు ఫ్రాన్సులోని మార్సేయి రేవు పెద్ద బజారు. కడప జిల్లాలోని పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు తాలూకాల రైతు చేతికొచ్చే ధర చాలా మేరకు అలాంటి రేవుల్లోనే తేలేది. మొదటి సంబంధం అందరికీ తెలిసిందే, రెండోది మరుగున పడింది. ఎందరి బతుకులను తాకిందని లెక్కవేస్తే రెండోదే పెద్దది.

యుద్ధంలో గెలిచిన ఫ్రాన్సు ఓడిన దేశంలా చితికిపోయింది. పదమూడు లక్షల మందికి పైగా సైనికులు చనిపోయారు. ఉత్తరాన, తూర్పున ఉన్న పది జిల్లాల్లో గనులు, మిల్లులు, పొలాలు నేలమట్టమయ్యాయి. 1919 జూన్ 28న వెర్సాయిలో సంధి కుదిరింది. అల్సాస్, లొరెయిన్ ప్రాంతాలు ఫ్రాన్సుకు తిరిగొచ్చాయి. సార్ బొగ్గు గనులు దక్కాయి. జర్మనీ నష్టపరిహారం చెల్లించాలన్న షరతు కూడా ఒప్పందంలో చేరింది. భారతదేశం పేరున బ్రిటన్‌లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు, బికనీరు మహారాజు సంతకాలు పెట్టారు. అయితే ఫ్రెంచి ప్రధాని క్లెమాన్సో అన్నిటికన్నా ఎక్కువగా కోరుకున్నది భద్రత, అది మాత్రం దొరకలేదు. జర్మనీ మళ్లీ దాడి చేస్తే ఆదుకుంటామని అమెరికా, బ్రిటన్ మాటిచ్చాయి. అమెరికా సెనేటు సంధిని తిరస్కరించడంతో ఆ మాట నిలవలేదు, అమెరికా తప్పుకోగానే బ్రిటన్ కూడా వెనక్కి తగ్గింది. ఆ తర్వాత ఇరవయ్యేళ్ల పాటు ఫ్రాన్సు నడిపిన దౌత్యంలో ప్రతి అడుగు వెనకా ఈ లోటే కనిపిస్తుంది.

అప్పటికి ఫ్రాన్సు చేతిలో ఉన్న భారతదేశపు ముక్కలు ఐదు: పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చందర్‌నగర్, యానాం. అన్నిట్లో కలిపి జనాభా సుమారు మూడు లక్షలు. వీటికి తోడు అక్కడక్కడా చిన్న చిన్న స్థలాలు మిగిలాయి. మచిలీపట్నంలోని ఫరాసుపేట అలాంటిదే. గౌతమీ పాయ పక్కన ముప్పై చదరపు కిలోమీటర్ల యానాంలో ఫ్రెంచివాళ్లు 1723లో వర్తక స్థావరం పెట్టారు. నాలుగేళ్లకే వదిలేసి, మళ్లీ వచ్చి స్థిరపడ్డారు. పద్దెనిమిదో శతాబ్దంలో వాళ్ల సైన్యాలు కడప సీమ దాకా వచ్చాయి. 1751లో బుస్సీ సేనతో కలిసి గోల్కొండ వైపు వెళుతున్న నిజాము ముజఫర్ జంగ్ రాయచోటి ప్రాంతంలోనే పఠాను నవాబులతో పోరులో హతుడయ్యాడు. నెపోలియన్ ఓటమి తర్వాత ఫ్రెంచివాళ్లకు మిగిలింది వర్తకపు హక్కులు, నాలుగు జెండా కర్రలు. 1815 ఒప్పందం ప్రకారం ఉప్పు మీద హక్కును కూడా ఇంగ్లీషువాళ్లకు వదిలేసి, ఏడాదికి నాలుగు లక్షల సిక్కా రూపాయలు పరిహారంగా పుచ్చుకున్నారు.

నేల చిన్నదే అయినా యానాం మగవాళ్లకు ఉన్న రాజకీయ హక్కు బ్రిటిషు ఇండియాలో ఎవరికీ లేదు. 1871 నుంచి ఫ్రెంచి ఇండియా పారిస్‌లోని పార్లమెంటుకు ఒక డిప్యూటీని, 1876 నుంచి ఒక సెనేటరును కూడా పంపేది. 1880లో మునిసిపాలిటీలు వచ్చాయి. ఆస్తితో పని లేకుండా వయోజన పురుషులందరికీ ఓటుండేది. అదే రోజుల్లో కడప జిల్లాలో మద్రాసు శాసనమండలికి ఓటు వేయాలంటే భూమిశిస్తో మరో పన్నో కట్టే స్తోమత ఉండాలి. పులివెందుల తాలూకాలో కూలీకి, చిన్న కౌలుదారుకు ఓటు ఊసే లేదు.

హక్కు కాగితం మీద గొప్పగానే ఉంది, ఆచరణలోకి వచ్చేసరికి బాగా పలచబడింది. 1899 నుంచి ఓటర్లను రెండు జాబితాలుగా విడదీశారు. మొదటి జాబితాలో ఐరోపావాళ్లు, వాళ్లతో సమానంగా లెక్కించినవాళ్లు ఉండేవాళ్లు. మిగిలిన జనమంతా రెండో జాబితాలోకి వచ్చేవాళ్లు. గుప్పెడు మంది ఉన్న మొదటి జాబితాకు, వేలమంది ఉన్న రెండో జాబితాకు సభల్లో పలుకుబడి జనాన్ని బట్టి దక్కలేదు. పారిస్‌కు వెళ్లే ప్రతినిధులు కూడా తరచు ఈ నేలతో సంబంధం లేని ఫ్రెంచి రాజకీయ నాయకులే. 1924 నుంచి 1928 దాకా డిప్యూటీగా ఉన్న గాబ్రియేల్ అంగుల్వాన్ అంతకు ముందు ఆఫ్రికాలోని ఐవరీ కోస్టుకు గవర్నరు. పుదుచ్చేరిలో మిల్లు యజమాని, మేయరు అయిన హెన్రీ గేబలే లాంటివాళ్లు పార్టీలను నడిపేవాళ్లు. పోలింగు రోజున లాఠీలు, దొమ్మీలు, దొంగ ఓట్లు ఫ్రెంచి ఇండియాలో మామూలై పోయాయి. ఓటు హక్కు రావడానికీ అది పని చేయడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో చెప్పడానికి ఫ్రెంచి ఇండియాను మించిన ఉదాహరణ ఆనాటి దక్షిణ భారతంలో దొరకదు. ఆడవాళ్లకు అది కూడా లేదు, ఫ్రాన్సులోనే వాళ్లకు ఓటు 1944 దాకా రాలేదు.

పారిస్‌లో 1920లన్నీ డబ్బు సమస్యతోనే గడిచాయి. కూలిన ఇళ్లను, ఫ్యాక్టరీలను తిరిగి కట్టడానికి ప్రభుత్వం అప్పు మీద అప్పు చేసింది. జర్మనీ పరిహారంతో అది తీరుతుందని నమ్మింది. 1921లో ఆ పరిహారాన్ని 13,200 కోట్ల బంగారు మార్కులుగా తేల్చారు. చెల్లింపులు ఆగిపోవడంతో 1923 జనవరిలో ప్రధాని పోయెంకారే బెల్జియంతో కలిసి రూర్ గనుల ప్రాంతాన్ని సైన్యంతో ఆక్రమించాడు. జర్మను కార్మికులు పని మానేశారు, జర్మనీ కరెన్సీ మట్టిలో కలిసింది. ఫ్రాన్సు చేతికి బొగ్గు కొంత వచ్చింది, పరువు చాలా పోయింది. 1924లో డాస్ ప్రణాళిక కింద అమెరికా అప్పుల సాయంతో పరిహారం కిస్తీలు మళ్లీ మొదలయ్యాయి.

అదే ఏడాది వామపక్ష కూటమి గెలిచి ఎడ్వార్ ఎరియో ప్రధాని అయ్యాడు. ధనికుల మీద పన్ను వేస్తారన్న భయంతో డబ్బున్నవాళ్లు సొమ్మును దేశం దాటించారు. యుద్ధానికి ముందు పౌనుకు 25 ఫ్రాంకులు. 1926 జూలైలో ఒక దశలో 240 దాకా పోయింది. రెండేళ్లలో అరడజనుకు పైగా మంత్రివర్గాలు మారాయి. చివరికి పోయెంకారేను మళ్లీ పిలిచారు. పన్నులు పెంచి, ఖర్చు తగ్గించి ఏడాది తిరక్కుండానే ఆయన ఫ్రాంకును 124 దగ్గర నిలబెట్టాడు. 1928 జూన్ చట్టంతో దాని విలువను బంగారంలో కట్టేశాడు. యుద్ధానికి ముందున్న విలువలో అది అయిదో వంతు. పొదుపు చేసుకున్న ఫ్రెంచి మధ్యతరగతి సొమ్ములో అయిదింట నాలుగు వంతులు ఈ విధంగా ఆవిరైంది. తర్వాతి ఏళ్లలో ఫ్రాంకు విలువ తగ్గించే మాట ఎత్తడానికి ఫ్రెంచి నాయకులు జంకారంటే కారణం ఇదే. ఆ జంకుకు ప్రపంచం పెద్ద ధర చెల్లించింది, కడప జిల్లా కూడా.

పందొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి పుదుచ్చేరి చుట్టుపక్కల, ముఖ్యంగా దక్షిణ ఆర్కాటు జిల్లాలో, ఫ్రెంచి వర్తకుల గిరాకీ వల్ల వేరుశనగ సాగు పెరిగింది. మార్సేయిలో సబ్బు తయారీ పెద్ద పరిశ్రమ, నూనె దానికి ముడిసరుకు. ఆ శతాబ్దం చివరికి పాత విత్తనం నీరసించి పంట దెబ్బతింది. మారిషస్ పేరుతో చలామణీ అయిన కొత్త రకం వచ్చాక సాగు మళ్లీ కోలుకుని, ఇరవయ్యో శతాబ్దం తొలి మూడు దశాబ్దాల్లో ఉత్తరాన దత్తమండలాల్లోకి పాకింది. వానకు మాత్రమే బతికే ఎర్రనేలలు దీనికి సరిపోయాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల నల్లరేగడి పత్తిని, జొన్నను పండిస్తే, పులివెందుల, రాయచోటి వైపు ఎర్రచెలకల్లో కొర్ర, సజ్జ వేసిన చోట క్రమంగా వేరుశనగ వచ్చింది. తిండిగింజ ఇంట్లో మిగులుతుంది, కాయ మాత్రం నేరుగా అమ్మకానికే పోతుంది. ఆ నేలల్లో శిస్తు కట్టడానికి, అప్పు తీర్చడానికి రూకలు తెచ్చిపెట్టిన మొదటి మెట్ట పంట అదే అనవచ్చు.

సరుకు నడిచిన దారి పొడుగైనది. కళ్లం నుంచి బండ్ల మీద మండీకి, అక్కడ దలారి చేతుల మీదుగా కాయ ఒలిచే మిల్లుకు, ముద్దనూరు, ఎర్రగుంట్ల స్టేషన్లలో మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే వ్యాగన్లలోకి, మద్రాసు రేవులో ఓడకెక్కి సూయజ్ కాలువ మీదుగా ఐరోపాకు. ర్యాలీ బ్రదర్స్, వోల్కార్ట్, ఫ్రెంచివాళ్ల లూయీ ద్రేఫుస్ లాంటి పెద్ద కంపెనీలు ఈ ఎగుమతి వ్యాపారంలో ఉండేవి. ఆఫ్రికాలోని సెనెగల్ కాయను పొట్టుతోనే పంపేది, మద్రాసు సరుకు ఒలిచిన పప్పుగా పోయేది. సులువుగా పొట్టు ఊడాలని కాయను నీళ్లలో తడిపి కొట్టే అలవాటు చాలాచోట్ల ఉండేది. తడిసిన పప్పు వారాల తరబడి ఓడ అడుగున మగ్గి కారువాసన పట్టేది. వంటనూనెకు పనికిరాక సబ్బుకు పోయేది, ధర తగ్గేది. ఆ నష్టం కంపెనీ భరించదు, దలారి భరించడు. తరుగు పేరుతో మెట్టు మెట్టుకూ కిందికి దిగి చివరికి రైతు మీద పడేది. పొడిగా ఒలిచే యంత్రాలు వ్యాపించాక ఈ బాధ కొంత తగ్గింది.

ఇంత దూరపు వ్యాపారంలో రైతుకు తెలిసిన ధర ఒక్కటే, మండీలో చెప్పిన ధర. మార్సేయిలో ఫ్రాంకు పడిపోతే సబ్బు మిల్లు యజమాని అదే పప్పుకు ఎక్కువ ఫ్రాంకులు పెట్టాలి, కాబట్టి కొనుగోలు ఆచితూచి చేస్తాడు. పైగా 1927లో బ్రిటిషు ప్రభుత్వం రూపాయిని 1 షిల్లింగు 6 పెన్సులకు ఖరారు చేసింది. ఆ రేటు ఎక్కువని, ఎగుమతి పంటలు వేసేవాళ్లకు దెబ్బ అని భారతీయ వర్తకులు గట్టిగా వాదించారు. ఒక వైపు విలువ తగ్గించిన ఫ్రాంకు, మరో వైపు విలువ పెంచిన రూపాయి. ఈ రెంటి మధ్య పడ్డాడు వేరుశనగ రైతు.

ఇరవైల రెండో సగంలో ఫ్రాన్సు దౌత్యం అరిస్తీద్ బ్రియాన్ చేతుల్లో మెత్తబడింది. 1925లో లొకార్నో ఒప్పందాలతో ఫ్రాన్సు, జర్మనీ తమ సరిహద్దును పరస్పరం ఒప్పుకున్నాయి. 1928 ఆగస్టు 27న యుద్ధాన్ని త్యజిస్తామంటూ పారిస్‌లో దేశాలు సంతకాలు చేశాయి. ఇంకో పక్క పోలండు, చెకోస్లొవేకియా, రుమేనియా, యుగోస్లావియాలతో ఫ్రాన్సు వరసగా స్నేహ ఒప్పందాలు చేసుకుంది. జర్మనీకి తూర్పున కాపలా పెట్టడమే దీని ఉద్దేశం. 1930 జనవరిలో తూర్పు సరిహద్దు పొడవునా కాంక్రీటు కోటల వరస కట్టడానికి పార్లమెంటు డబ్బు మంజూరు చేసింది. మంత్రి ఆండ్రే మజినో పేరే దానికి నిలిచింది. దాడికి వెళ్లి మిత్రులను కాపాడతామని ఒప్పందాలు, కదలకుండా కూచునేందుకు కోటలు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగనివని అప్పట్లో గట్టిగా చెప్పినవాళ్లు కొద్దిమందే.

మేధావులను కలపడం కూడా ఆ దౌత్యంలో భాగమే. నానాజాతి సమితికి అనుబంధంగా ఫ్రెంచి ప్రభుత్వ ధనసాయంతో 1926లో పారిస్‌లో అంతర్జాతీయ మేధో సహకార సంస్థ ఏర్పడింది. దానికి పైన ఉన్న సమితి సంఘంలో 1931 నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్ సభ్యుడు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయింది కూడా ఆ సంవత్సరమే.

భారతదేశంలోని తన ముక్కల విషయంలో ఫ్రాన్సు నడవడి మరో రకం. ఐరోపాలో బ్రిటన్ స్నేహం కావాలి కనుక ఇక్కడ దాన్ని నొప్పించకూడదన్నదే సూత్రం. 1930లో చిట్టగాంగు ఆయుధాగారంపై దాడి చేసిన విప్లవకారులు ఫ్రెంచి చందర్‌నగర్‌లో తలదాచుకుంటే, కలకత్తా పోలీసు కమిషనర్ టెగార్ట్ అక్కడికే వెళ్లి సోదా చేశాడు, కాల్పులు జరిగాయి. అరవిందుడికి, సుబ్రహ్మణ్య భారతికి పుదుచ్చేరి ఆశ్రయమిచ్చిన కాలంతో పోలిస్తే ఇది వేరే ఫ్రాన్సు.

యానాం ప్రత్యేకత మరొక రంగంలో బయటపడింది. 1819 జనవరి 6 నాటి రెగ్యులేషను ప్రకారం ఫ్రెంచి ఇండియాలో హిందువుల పెళ్లిళ్లు, వారసత్వాలు వాళ్ల ఆచారం ప్రకారమే నడిచేవి. బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది ఏళ్లు నిండకుండా పెళ్లి చేస్తే నేరం. చట్టం బ్రిటిషు ఇండియాలో జరిగిన పెళ్లిళ్లకే వర్తించింది, యానాంలో దానికి చెల్లుబాటు లేదు. గోదావరి జిల్లాల నుంచి కుటుంబాలు పిల్లలను తీసుకుని యానాం చేరి పెళ్లిళ్లు కానిచ్చాయి. ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చింది. చూడ్డానికి ఆ పేరు పండగలా ఉంటుంది, దాని వెనక ఉన్నది ఎనిమిదేళ్ల పదేళ్ల ఆడపిల్లల బతుకు. స్వేచ్ఛ, సమానత్వం అని ప్రకటించుకున్న రిపబ్లిక్ జెండా కింద ఈ తంతు సాగడం ఫ్రెంచి పాలనకు మచ్చే. 1938లో చట్టాన్ని సవరించి, బ్రిటిషు ప్రజలు భారతదేశంలో ఎక్కడ పెళ్లి చేసినా వర్తించేలా చేశాక ఆ దారి మూసుకుపోయింది.

సుంకం తేడా కూడా యానాంకు రాబడి తెచ్చింది. ఫ్రెంచి రేవుల్లో దిగుమతి సుంకాలు లేవు. బ్రిటిషు ఇండియాలో ఇరవైల నుంచి సుంకాలు పెరుగుతూ వచ్చాయి. యానాం మంగళవారం సంతకు విదేశీ సరుకు కోసం చుట్టుపక్కల జనం వచ్చేవాళ్లు. సరిహద్దు దాటేటప్పుడు ఇంగ్లీషు కస్టమ్స్ జవాన్ల కన్నుగప్పడం చాలామందికి జీవనోపాధి అయింది.

ప్రపంచ మాంద్యం 1929 అక్టోబరులో న్యూయార్కులో మొదలైందని పుస్తకాలు చెబుతాయి. అది అంత లోతుకు పోవడానికి పారిస్ బాధ్యత చాలా ఉంది. చవక ఫ్రాంకు వల్ల ఫ్రాన్సుకు సొమ్ము ఎదురొచ్చింది. ఆ సొమ్మును బాంక్ ఆఫ్ ఫ్రాన్స్ బంగారంగా మార్చి నేలమాళిగల్లో దాచింది. 1926లో ప్రపంచ దేశాల బంగారు నిల్వల్లో ఫ్రాన్సు వాటా 7 శాతం, 1932కల్లా 27 శాతం. బంగారం మీద ఆధారపడ్డ కరెన్సీల లోకంలో ఒకచోట అంత బంగారం కదలకుండా పడి ఉంటే మిగతా చోట్ల డబ్బు కొరత వస్తుంది, ధరలు దిగుతాయి. ముందుగా దిగేవి పొలం సరుకుల ధరలు. 1928కీ 1934కీ మధ్య మద్రాసు రాజధానిలో వేరుశనగ ధర సగానికన్నా కిందికి పోయింది. పత్తి పరిస్థితి కూడా మెరుగ్గా లేదు.

ధర సగమైనా శిస్తు సగం కాలేదు. రైత్వారీలో శిస్తు రూపాయల్లో ఖరారైంది, పంట ఏ ధరకు పోయినా కట్టాల్సిందే. షావుకారు అప్పు కూడా రూపాయల్లోనే ఉంది. రెండు బస్తాలు అమ్మి తీర్చే బాకీకి నాలుగు బస్తాలు అమ్మాల్సి వచ్చింది. నమ్మకం పోయిన షావుకార్లు కొత్త అప్పు ఇవ్వడం మానేశారు.

ఇక మిగిలింది ఒంటిమీద బంగారం. 1931 సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారపు ప్రమాణం వదిలేసింది. రూపాయి పౌనుకు కట్టుబడి ఉండటంతో దాంతోపాటే పడింది. బంగారం ధర మాత్రం పైకెగిసింది: తులం 21, 22 రూపాయల నుంచి 1934 నాటికి 35 దాకా చేరింది. భారతదేశం చరిత్రలో ఎప్పుడూ బంగారం కొనే దేశమే, అప్పుడు తొలిసారి పెద్ద ఎత్తున అమ్మే దేశమైంది. 1930ల చివరికి దేశం దాటిన బంగారం విలువ మూడు వందల కోట్ల రూపాయలకు మించింది. ఇది లాభాల అమ్మకం కాదు, అధిక భాగం శిస్తు కోసం, బాకీ కోసం, తిండి కోసం తీసిన నగలు. గాజులు, కాసులపేర్లు, నడుము వడ్డాణాలు పల్లె నుంచి కంసాలి దుకాణానికి, అక్కడ కరిగి కడ్డీగా బొంబాయికి, బొంబాయి నుంచి లండను బులియన్ బజారుకు పోయాయి. లండనులో కొన్నవాళ్లలో పారిస్, న్యూయార్కు ముందుండేవి. తర్వాతి కాలంలో బంగారు వ్యాపారానికి రెండో బొంబాయి అనిపించుకున్న ప్రొద్దుటూరు లాంటి ఊళ్లు పల్లెకూ పట్నానికీ మధ్య నిలిచిన వ్యాపార కేంద్రాలు. పంటను చవగ్గా అమ్మించిన బంగారపు ఆకలి, ఆ చవకతనం వల్ల వచ్చిన ఇబ్బందిలో ఇంటి బంగారాన్ని కూడా లాక్కుపోయింది. భారత ప్రభుత్వం ఈ ఎగుమతిని ఆపవచ్చు, ఆపమని కాంగ్రెసు నాయకులు, వర్తక సంఘాలు అడిగినా ఆపలేదు. లండనుకు పౌనును నిలబెట్టుకోవడం ముఖ్యం.

బ్రిటన్ దారిన పోకుండా ఫ్రాన్సు 1936 దాకా బంగారాన్నే పట్టుకు వేలాడింది. చవకైన పౌను, డాలరు ముందు ఫ్రెంచి సరుకు ఖరీదైపోయింది, ఎగుమతులు పడిపోయాయి. దానికి మందుగా విదేశీ దిగుమతుల మీద కోటాలు పెట్టి, తన వలసలతోనే ఎక్కువ వ్యాపారం చేయడం మొదలుపెట్టింది. 1931 మే నుంచి ఆరు నెలల పాటు పారిస్ శివారు వాంసెన్‌లో జరిగిన వలసల ప్రదర్శనకు లక్షల మంది వచ్చారు. ఫ్రెంచి ఇండియాకు అక్కడ ఒక మంటపం ఉంది. ఈ పటాటోపం వెనక అసలు ఏర్పాటు సుంకాలది. సెనెగల్ వేరుశనగను కాపాడటానికి 1933లో విదేశీ నూనెగింజల మీద ఫ్రాన్సు సుంకం వేసింది. మార్సేయి తలుపు మద్రాసు పప్పుకు సగం మూసుకుంది. తీరా చూస్తే దక్షిణ భారతంలో ఈ పంటకు బజారు కల్పించింది ఫ్రెంచి వర్తకులే, అలవాటు పడ్డాక చెయ్యి వదిలిందీ వాళ్లే.

సాగు మాత్రం ఆగలేదు. వర్షాధార నేలలో రూపాయి తెచ్చే వేరే పంట రైతుకు కనబడలేదు. 1932 ఒట్టావా ఒప్పందంతో బ్రిటన్ బజారులో కొంత రాయితీ దొరికింది. జర్మనీ, హాలండు కొన్నాయి. అంతకన్నా ముఖ్యం, దేశంలోనే నూనె మిల్లులు పెరిగాయి, ముప్పైలలో వనస్పతి ఫ్యాక్టరీలు వచ్చాయి. విదేశీ రేవులకు పంపిన పప్పును క్రమంగా ఇక్కడే గానుగకు పోయడం రాయలసీమ మిల్లులకు ఆధారమైంది. అప్పుల భారం తగ్గించడానికి రాజాజీ మంత్రివర్గం 1938లో మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. పంట ధరలు కూలిన ఎనిమిదేళ్లకు వచ్చిన ఉపశమనం అది.

ఈ లోపల ఫ్రెంచి రాజకీయం వీధుల్లోకి వచ్చింది. స్తావిస్కీ అనే మోసగాడి కుంభకోణంలో మంత్రులకు పాత్ర ఉందన్న ఆరోపణతో 1934 ఫిబ్రవరి 6న మితవాద దళాలు పార్లమెంటు మీదికి దండెత్తాయి. కాల్పుల్లో పదిహేను మంది దాకా చనిపోయారు. జర్మనీలో హిట్లరు గద్దెనెక్కి అప్పటికి ఏడాది. ఫ్రాన్సుకు కూడా అదే గతి పడుతుందన్న భయం సోషలిస్టులను, కమ్యూనిస్టులను, రాడికల్స్‌ను ఏకం చేసింది. 1935లో ప్రధాని లవాల్ జీతాలు, ఖర్చులు పది శాతం కోశాడు. 1936 మేలో ప్రజా కూటమి ఎన్నికల్లో గెలిచింది. జూన్ 4న లియోన్ బ్లమ్ ప్రధాని అయ్యాడు. అప్పటికే లక్షలాది కార్మికులు ఫ్యాక్టరీలను ఆక్రమించి కూచున్నారు. మూడు రోజుల్లో మతిన్యోన్ భవనంలో ఒప్పందం కుదిరింది: కూలీ పెంపు, సంఘం పెట్టుకునే హక్కు. కొద్ది రోజుల్లో వారానికి నలభై గంటల పని, ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవు చట్టాలయ్యాయి.

ఆ గాలి పుదుచ్చేరికి నెలల్లోనే చేరింది. సవానా, రోడియర్, గేబలే అనే మూడు బట్టల మిల్లుల్లో కార్మికులు రోజుకు పది గంటలు దాటి పనిచేసేవాళ్లు. వి. సుబ్బయ్య నాయకత్వంలో వాళ్లు పని గంటల తగ్గింపు, సంఘ హక్కు అడిగారు. 1936 జూలై 30న సమ్మె చేస్తున్న కార్మికుల మీద సైనికులు కాల్పులు జరిపి పన్నెండు మందిని చంపారు. పారిస్‌లో కార్మికుల ప్రభుత్వం, దాని జెండా కిందే పుదుచ్చేరిలో కార్మికుల మీద తుపాకులు. అక్టోబరులో నెహ్రూ పుదుచ్చేరి వచ్చాడు. వలసల మంత్రి మారియూస్ మూతే విచారణ జరిపించాడు. 1937 ఏప్రిల్ 6న వచ్చిన శాసనం ఎనిమిది గంటల పని, సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది.  పన్నెండు ప్రాణాలు పోయాక వచ్చింది కాబట్టి అది పారిస్ దయ కాదు, పుదుచ్చేరి కార్మికులు సంపాదించుకున్నది. శాసనం యానాంకు కూడా వర్తించింది కానీ, మిల్లులు లేని ఊళ్లో దాని వల్ల మారింది స్వల్పం. యానాంలో రాజకీయ చైతన్యం తర్వాతి తరం దాకా నిద్రలోనే ఉంది. తర్వాత ఫ్రెంచి పాలన నుంచి యానాం విమోచనకు నాయకుడైన దడాల రఫేల్ రమణయ్య పెరిగింది ఈ కాలంలోనే.

1936 మార్చి 7న హిట్లరు, సంధి ప్రకారం జర్మను సైన్యం ఉండకూడని రైన్‌లాండులోకి సైన్యం పంపాడు. ఫ్రాన్సు బ్రిటన్ వైపు చూసింది, బ్రిటన్ కదల్లేదు. ఆ ఒక్క రోజు ఫ్రెంచి సేనలు ముందుకు నడిచి ఉంటే జర్మనులు వెనుదిరిగేవాళ్లన్నది చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అక్టోబరులో బ్లమ్ ఫ్రాంకు విలువ తగ్గించక తప్పలేదు, అయిదేళ్లు ఆలస్యంగా. 1937 జూన్‌లో ఆయన ప్రభుత్వం పడిపోయింది. 1938 సెప్టెంబరులో ప్రధాని దలాదియే మ్యూనిక్‌కు వెళ్లి, రక్షిస్తామని మాటిచ్చిన చెకోస్లొవేకియాను బల్ల మీద పెట్టి పంచి ఇచ్చాడు. తూర్పు మిత్రుల గొలుసు అక్కడ తెగింది. 1920కీ 1940కీ మధ్య ఫ్రాన్సులో నలభైకి పైగా మంత్రివర్గాలు వచ్చి పోయాయి. ఇంత తరచుగా మారే ప్రభుత్వాలు ఎదుటివాడి ధైర్యాన్ని పెంచాయే తప్ప దేశానికి నిలకడ ఇవ్వలేదు.

1939 సెప్టెంబరు 3న ఫ్రాన్సు యుద్ధంలోకి దిగింది. 1940 జూన్ 22న జర్మనీకి లొంగి ఒప్పందం మీద సంతకం చేసింది. మార్సేయికి మద్రాసు నుంచి ఓడలు పోయే వ్యాపారం దాంతో ఆగింది. పుదుచ్చేరి గవర్నరు లూయీ బొన్వాన్ 1940 సెప్టెంబరులో, జర్మనీతో పోరు కొనసాగిస్తున్న డిగాల్ పక్షం చేరాడు. చుట్టూ బ్రిటిషు రాజ్యం ఉండగా మరో దారి లేదు. 1941లో ఫ్రెంచి ఇండియా బ్రిటిషు ఇండియాతో సుంకాల కూటమిలో చేరింది. యానాం సంతలో అమ్మే విదేశీ సరుకుకు, ప్రొద్దుటూరు బజారులో అమ్మే విదేశీ సరుకుకు అప్పటి నుంచి ఒకటే సుంకం.